కాశ్మీరు మంచు - మండీ ధర
పశ్చిమ హిమాలయ వాతావరణ సూచనలను వర్తకులు చదువుకొనే విధం

కాశ్మీరులో మంచు పడిందన్న కబురు రాగానే ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో ఆపిల్ ధర కదులుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఆ కదలిక హైదరాబాద్ బాటసింగారం పండ్ల మార్కెట్టుకు చేరుతుంది. దేశంలో పండే ఆపిల్‌లో సుమారు నాలుగింట మూడు వంతులు కాశ్మీరుదే. ఆ సరుకులో అధిక భాగం దిగివచ్చేది ఒకే ఒక రహదారి మీదుగా. అది 44వ నెంబరు జాతీయ రహదారి. నిర్మల్, కామారెడ్డి, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారి పోయే రోడ్డుకు మరో కొస శ్రీనగర్‌లో వున్నది. ఆ కొస మూసుకుపోతే ఈ కొసన సరుకు వుండదు.

మంచు పడిన తరువాత కబురు అందరికీ తెలుస్తుంది. పడటానికి మూడు రోజుల ముందు వెలువడే సూచనను చదవగలిగిన వర్తకునికే దానివల్ల లాభం. ఆ సూచనలో ఏమి వుంటుంది, దేనిని నమ్మవచ్చును, దేనిని అనుమానించాలి అన్నది ఇక్కడ వివరిస్తున్నాము.

మంచు ఎక్కడి నుంచి వస్తుంది

మన ప్రాంతానికి వాన తెచ్చే రుతుపవనాలకూ, హిమాలయాలకు శీతకాలపు మంచు తెచ్చే గాలులకూ సంబంధం లేదు. డిసెంబరు నుంచి మార్చి వరకు అక్కడ మంచు కురిపించేవి పశ్చిమం నుంచి వచ్చే అల్పపీడన ద్రోణులు. వాతావరణ శాఖ వీటిని 'వెస్టర్న్ డిస్టర్బెన్స్' అంటుంది. పశ్చిమ అలజడులు అని మనం చెప్పుకోవచ్చును. ఇవి మధ్యధరా సముద్రం, కాస్పియన్ సముద్రం పరిసరాలలో పుట్టి ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ మీదుగా తూర్పుకు వస్తాయి. శీతకాలపు నడిమి నెలల్లో నెలకు నాలుగు నుంచి ఆరు వరకు రావడం మామూలు. అన్నీ బలమైనవి కావు. కొన్ని మబ్బులు చూపించి వెళ్లిపోతాయి.

వీటిని మోసుకువచ్చేది సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ గాలి. శీతకాలంలో ఈ గాలి దక్షిణానికి జరిగి హిమాలయాల అంచున నడుస్తుంది. దాని వేగం గంటకు 185 కిలోమీటర్లు దాటడం సాధారణమే. ద్రోణి మాత్రం అంత వేగంగా రాదు. రోజుకు రమారమి 8 నుంచి 10 రేఖాంశ డిగ్రీలు, అంటే 700 నుంచి 900 కిలోమీటర్ల దూరం నడుస్తుంది.

ద్రోణి బలంగా వున్నప్పుడు దాని ప్రభావంతో రాజస్థాన్, పాకిస్తాన్ పంజాబు ప్రాంతాలలో మరొక చిన్న అల్పపీడనం ఏర్పడుతుంది. అది అరేబియా సముద్రపు తేమను పైకి గుంజుతుంది. పైనుంచి చల్లగాలి, కింద నుంచి తేమ గాలి కలిసిన చోట పీర్ పంజాల్ కొండలు అడ్డు నిలుస్తాయి. గాలి కొండ ఎక్కక తప్పదు. ఎక్కిన గాలి చల్లబడి, తేమ మంచుగా రాలుతుంది. కాబట్టి సూచనలో 'అరేబియా సముద్రం నుంచి తేమ' అన్న మాట కనబడితే అది మామూలు ద్రోణి కాదని గ్రహించాలి.

వాన ఎక్కడ, మంచు ఎక్కడ

రోడ్డు విషయంలో అతి ముఖ్యమైన అంకె ఒకటి వున్నది. అది సున్నా డిగ్రీల ఎత్తు. గాలిలో వేయి మీటర్లు పైకి పోయినకొద్దీ సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ఎక్కడ సున్నాకు చేరుతుందో ఆ ఎత్తుకు పైన మంచు, దానికి కొన్ని వందల మీటర్ల దిగువ నుంచి వాన. ఉష్ణోగ్రత అంచనాలో రెండు డిగ్రీలు తేడా వస్తే మంచు గీత 300 మీటర్లు పైకో కిందికో జరుగుతుంది. కొండ రోడ్డు మీద ఈ 300 మీటర్లే రోడ్డు తెరచి వుంటుందో మూతపడుతుందో తేలుస్తాయి.

జమ్మూ ఎత్తు సుమారు 300 మీటర్లు, రాంబన్ 1,150, శ్రీనగర్ 1,585. 1956లో తెరచిన జవాహర్ సొరంగం దాదాపు 2,200 మీటర్ల ఎత్తున వుండేసరికి మంచు పడిన ప్రతిసారీ బండ్లు ఆగిపోయేవి. 2021లో వాడుకలోకి వచ్చిన ఎనిమిదిన్నర కిలోమీటర్ల ఖాజీగుండ్ - బనిహాల్ సొరంగాన్ని దానికి సుమారు 400 మీటర్లు దిగువన తవ్వారు. అంతకుముందు 2017లో చెనాని - నశ్రీ సొరంగం, తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు పొడవుది, పత్నీటాప్ మంచును తప్పించింది. పాత లెక్కలతో 'మంచు పడింది, రోడ్డు మూశారు' అనుకొనే రోజులు చాలవరకు పోయినవి.

అయితే నశ్రీ, బనిహాల్ మధ్య రాంబన్ మీదుగా పోయే భాగం ఇప్పటికీ బలహీనమే. అక్కడ అడ్డం వచ్చేది మంచు కంటే వాన. తడిసిన కొండచరియలు జారి, రాళ్లు దొర్లి రోడ్డును మూసివేస్తాయి. 2025 ఏప్రిల్ 20న రాంబన్ వద్ద కుండపోత వానతో వచ్చిన బురద రోడ్డును రోజుల తరబడి ఆపింది. అదే సంవత్సరం ఆగస్టు చివర కురిసిన వానలకు రోడ్డు తెగి, సెప్టెంబరులో ఆపిల్ లారీలు వేలాదిగా నిలిచిపోయినవి. పెట్టెల్లోనే సరుకు కుళ్లింది.

కనుక ఒకే ద్రోణి రోడ్డును రెండు విధాలుగా దెబ్బతీయగలదు. చలి ఎక్కువగా వున్న ద్రోణి బనిహాల్, ఖాజీగుండ్ దగ్గర మంచు పోస్తుంది. యంత్రాలతో ఎత్తివేస్తే ఒక రోజులో రోడ్డు తెరచుకొనే అవకాశం వుంటుంది. వెచ్చని ద్రోణి రాంబన్ మీద వాన కురిపిస్తుంది. కొండచరియ విరిగితే ఎన్ని రోజులన్నది ఎవరూ చెప్పలేరు. వర్తకులు సాధారణంగా మంచు కబురుకు భయపడి, వాన కబురును తేలికగా తీసుకొంటారు. ఈ రోడ్డుపై వాన కబురే ఎక్కువ ప్రమాదం.

ఈదురుగాలుల సంగతి

ద్రోణి దగ్గరయ్యేముందు గాలి దక్షిణం, ఆగ్నేయం వైపు నుంచి వీస్తుంది. దాటిన తరువాత వాయవ్యానికి తిరుగుతుంది. ఈ మార్పు సమయంలోనే ఈదురుగాలులు హెచ్చు. కనుమల్లో, ఇరుకు లోయల్లో గాలి గొట్టంలో దూరినట్లు దూరి వేగం పుంజుకొంటుంది. పక్క లోయలో ఆకు కదలకపోవచ్చును. అందుచేత గాలి సూచన మంచు సూచన కంటే కష్టమైనది. బులెటిన్‌లో చెప్పే వేగం ఒక విశాల ప్రాంతానికి సగటుగా చెప్పేది. కనుమలోని వేగం దానిని మించి వుండవచ్చును.

గాలి వేగం రెట్టింపు అయితే దాని తోపు నాలుగు రెట్లు అవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలికి నిలిచిన టార్పాలిన్ 80 కిలోమీటర్ల గాలికి నిలవదు. నాట్‌లలో వేగం చెప్పినప్పుడు దానిని 1.85తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి.

సరుకుకు గాలి మూడు రకాలుగా చేటు చేస్తుంది. పడిన మంచును ఎగరేసి కొండకు అటువైపు వాలు మీద మేటలు వేస్తుంది. ఒక వైపు జానెడు మంచు వుంటే మరో వైపు నిలువెత్తు మేట వుండవచ్చును. ఇలా గట్టిపడిన మేటలే పలకలు పలకలుగా విరిగి హిమపాతాలుగా జారుతాయి. మంచు ఆగి ఎండ కాసిన రోజున కూడా హిమపాతం హెచ్చరిక వుండటానికి కారణం ఇదే. రెండవది, చెట్లు కూలి కరెంటు తీగలు తెగుతాయి. శీతల గిడ్డంగులు డీజిల్ జనరేటర్ల మీద నడవవలసి వచ్చి నిలవ ఖర్చు పెరుగుతుంది. మూడవది, విమానాలు రద్దవుతాయి. కుంకుమపువ్వు వంటి తేలిక, విలువైన సరుకుకు ఇది లెక్కలోకి వచ్చే విషయం.

గాలి వల్ల కొలతలు కూడా తప్పుతాయి. గట్టిగా వీచేటప్పుడు మంచు రేణువులు కొలపాత్రలో పడకుండా పక్కకు పోతాయి. అందుచేత గాలివాన రోజున ఒక కేంద్రం చెప్పిన మంచు లెక్క అసలు పడినదానికంటే తక్కువగా వుంటుంది.

సూచన ఎట్లా తయారవుతుంది

రోజుకు రెండుసార్లు, ఉదయం ఐదున్నరకు, సాయంత్రం ఐదున్నరకు, ప్రపంచమంతటా ఒకే వేళ బెలూన్లు ఎగరేసి పై గాలుల వేగం, చలి, తేమ కొలుస్తారు. 2024 ఫిబ్రవరిలో పంపిన ఇన్సాట్-3డీఎస్ వంటి ఉపగ్రహాలు ఇరాన్ మీదుగా కదిలే మబ్బులను చూపుతాయి. కుఫ్రీ, ముక్తేశ్వర్, జోత్, బనిహాల్ టాప్ వంటి కొండల మీద 2021, 2023 మధ్య డాప్లర్ రాడార్లు వాడుకలోకి వచ్చినవి. కొండ అడ్డం వచ్చి రాడార్ చూపు ఆగిపోతుంది గనుక మైదానంలో ఒకటి వుంటే చాలు, కొండల్లో లోయకొకటి కావాలి.

ఈ కొలతలన్నిటినీ కంప్యూటర్లకు ఇచ్చి గాలి కదలికను లెక్క కట్టిస్తారు. భూమిని చదరపు గళ్లుగా విడదీసి గడికొక లెక్క కడతారు. మునుపు భారత వాతావరణ శాఖ ప్రధాన నమూనాలో గడి వెడల్పు 12 కిలోమీటర్లు. 2025 మే 26న ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో అది 6 కిలోమీటర్లకు తగ్గింది. గడి పెద్దదైతే అందులోని కొండ కొమ్మూ, లోయ అడుగూ కలిసి ఒకే సగటు ఎత్తుగా మారిపోతాయి. కనుమ మాయమవుతుంది, అందులోని గాలీ మాయమవుతుంది. గడి చిన్నదైనకొద్దీ కొండ రూపం తేటపడుతుంది.

ఎంతకాలం ముందుగా నమ్మవచ్చును? ద్రోణి వస్తున్నదన్న సంగతి ఐదు నుంచి ఏడు రోజుల ముందే తెలుస్తున్నది. ఏ రోజున, ఏ జిల్లాలో అన్నది మూడు రోజుల లోపు సూచనలోనే ఆధారపడదగినది. ఏ ఎత్తున మంచు, ఏ ఎత్తున వాన అన్నది 24 గంటల ముందు సూచనను చూసి నిర్ణయించుకోవాలి. వాతావరణ శాఖ ప్రతి గురువారం నాలుగు వారాల అంచనా వెలువరిస్తుంది. అది మొగ్గు మాత్రమే చెబుతుంది. దానిని పట్టుకొని లారీ కట్టరాదు, నిలవల విధానం ఆలోచించుకోవచ్చును.

బులెటిన్‌లోని మాటలకు అర్థం

'60 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంబడి, 25 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి ఉత్తరాన ద్రోణి వున్నది' అని బులెటిన్ చెబితే, అది ఇరాన్ - ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దు దగ్గర వున్నదన్నమాట. శ్రీనగర్ 75వ డిగ్రీ దగ్గర వున్నది. రోజుకు 8 నుంచి 10 డిగ్రీల లెక్కన ద్రోణి చేరడానికి రెండు రోజులకు లోపే పడుతుంది. ద్రోణికి తూర్పు వైపునే వానా మంచూ మొదలవుతాయి గనుక 24 గంటల నుంచే జాగ్రత్త అవసరం. ఈ ఒక్క వాక్యం చదువుకోగలిగితే రంగుల హెచ్చరిక కోసం కాచుకోనక్కరలేదు.

'అక్కడక్కడ' అంటే నాలుగో వంతు కేంద్రాలకు మించకుండా. 'కొన్ని చోట్ల' అంటే సగం వరకు. 'చాలా చోట్ల' అంటే మూడు వంతుల వరకు. 'దాదాపు అన్ని చోట్ల' అంటే అంతకు పైన. ఇవి విస్తృతిని చెప్పే మాటలు. ఎంత గట్టిగా పడుతుందో వీటివల్ల తెలియదు. దానికి వేరే మాటలు వున్నవి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే 'భారీ', 115.6 దాటితే 'అతి భారీ'.

ఇక్కడ ఒక చిక్కున్నది. బులెటిన్లలో వానను సెంటీమీటర్లలోనూ, మంచును సెంటీమీటర్లలోనూ చెబుతారు. రెండూ ఒకటి కావు. రమారమి పది సెంటీమీటర్ల మంచు కరిగితే ఒక సెంటీమీటరు నీరు వస్తుంది. బనిహాల్‌లో ఏడు సెంటీమీటర్ల మంచు చిన్న విషయం. రాంబన్‌లో ఏడు సెంటీమీటర్ల వాన భారీ వాన. రెండు అంకెలూ ఒకటే చూసి పోల్చుకొన్నవారు పొరబడతారు.

పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులలో పసుపుకు 'గమనిస్తూ వుండండి' అనీ, నారింజకు 'సిద్ధంగా వుండండి' అనీ, ఎరుపుకు 'చర్య తీసుకోండి' అనీ అర్థం. హిమపాతాల హెచ్చరికలను చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ వేరుగా ఇస్తుంది. దాని కొలబద్దలో ఐదు మెట్లు వుంటాయి.

సరుకు వారీగా

ఆపిల్: అక్టోబరు, నవంబరు నెలల మంచు అన్నిటికంటే చెడ్డది. అప్పటికి చెట్లకు ఆకు వుంటుంది, కొంత కాయ కూడా వుంటుంది. తొలి మంచు తడి మంచు. ఆరు సెంటీమీటర్లకే ఒక సెంటీమీటరు నీటి బరువు తూగుతుంది. ముప్ఫయి సెంటీమీటర్లు పడితే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. ఆకులు దానిని పట్టుకొంటాయి, కొమ్మలు చీలిపోతాయి. 2018 నవంబరు మొదటి వారంలో, 2019 నవంబరు 7న, 2021 అక్టోబరు 23న ఇదే జరిగింది. కొమ్మ విరిగిన చెట్టు మళ్లీ పూర్తి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. కనుక ఆ నష్టం ఒక సీజనుతో పోదు.

డిసెంబరు 21 నుంచి జనవరి 30 వరకు నలభై రోజులను కాశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు. ఆ రోజుల మంచు చెట్టుకు మేలు. ఆకు రాలి వుంటుంది, మంచు పొడిగా వుంటుంది. డెలిషియస్ రకాలకు 7 డిగ్రీల లోపు చలి వేయి గంటలకు పైగా దొరికితేనే వసంతంలో పూత సరిగా వస్తుంది. 2024 జనవరిలో గుల్‌మార్గ్ కొండలు నెలాఖరు వరకు మంచు లేకుండా వున్నవి. అలాంటి సంవత్సరాలలో పూత తొందరపడి, ఆ తరువాత వచ్చే చలికీ వడగళ్లకూ దొరికిపోతుంది. జనవరిలో మంచు లేదన్న కబురు ఆ నెల రవాణాకు మంచిది, వచ్చే పంటకు మంచిది కాదు. రెండింటినీ వేరుగా చూడాలి.

పుల్వామా జిల్లా లస్సీపోరా గిడ్డంగులలో గాలిని నియంత్రించి నిలవ చేసిన సరుకు జనవరి నుంచి వేసవి వరకు దిగుతుంది. ఈ సరుకు రోడ్డు మూసినా చెడదు. నిలవ సరుకు హెచ్చుగా వున్న సంవత్సరంలో మంచు కబురు ధరను అంతగా కదపదు.

జీలకర్ర, ఆవాలు, గోధుమ: ద్రోణి దక్షిణపు అంచు గుజరాత్, రాజస్థాన్‌ల మీద మబ్బు కమ్మిస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో రెండు మూడు రోజులు మబ్బు, తేమ నిలిస్తే జీలకర్రకు తెగులు సోకుతుంది. ఊంఝా ధరలో తేజీ అక్కడ మొదలవుతుంది. ద్రోణి దాటిన తరువాత మంచు కొండల నుంచి వచ్చే వాయవ్య గాలి పంజాబు, హర్యానా, రాజస్థాన్‌లలో చలిగాలులు వీయిస్తుంది. ఆవపూతకూ, బంగాళాదుంపకూ పొగమంచు గడ్డకట్టడం ప్రమాదం. గోధుమకు చలి, సన్నని వాన మేలు. మార్చిలో గాలితో కూడిన వాన మాత్రం బరువెక్కిన కంకిని పడగొడుతుంది. ఆ ఉత్తరపు చలి ఆదిలాబాద్ వరకు దిగడం మనవారికి అనుభవమే.

ధర నడక, ఖర్చు లెక్క

రోడ్డు మూతపడినప్పుడు ధర రెండు అడుగులుగా నడుస్తుంది. మొదట రాబడి తగ్గి ధర పెరుగుతుంది. రోడ్డు తెరచిన తరువాత ఆగిపోయిన లారీలన్నీ ఒక్కసారిగా మండీకి చేరి ధర పడిపోతుంది. పై ధరకు కొని నిలవ పెట్టినవారే అప్పుడు దెబ్బతింటారు. మంచు ఆగడం వేరు, లారీ కదలడం వేరు. ఆకాశం తేటపడిన రాత్రి రోడ్డు మీద నీరు గడ్డకడుతుంది. ముందు ఆగిపోయిన బండ్లను వదులుతారు. భారీ బండ్లను ఒక వైపుకు మాత్రమే వదలడం మామూలు. పీర్ కీ గలీ మీదుగా పోయే మొఘల్ రోడ్డు దాదాపు 3,490 మీటర్ల ఎత్తున వుండి, శీతకాలంలో తానే మూతపడుతుంది. 2025 సెప్టెంబరులో బుద్గాం నుంచి ఢిల్లీ ఆదర్శ్ నగర్‌కు మొదలైన పార్సిల్ రైలు కొంత ఊరట.

సూచన ఎంత బాగున్నా నూటికి నూరు పాళ్లు నిజం కాదు. అయినా దానిని లాభంగా వాడుకొనే పద్ధతి ఒకటి వున్నది. ఉదాహరణకు ఒక లారీ నాలుగు రోజులు ఆగితే తరుగు, మెత్తబడటం, ధర తేడా కలిపి లక్ష రూపాయల నష్టం అనుకొందాము. ముందుజాగ్రత్తగా గిడ్డంగిలో వుంచడానికో, తొందరగా లారీ కట్టడానికో అయ్యే అదనపు ఖర్చు 20 వేలు అనుకొందాము. ఖర్చును నష్టంతో భాగిస్తే ఐదింట ఒక వంతు. రోడ్డు మూతపడే అవకాశం నూటికి 20కి మించితే జాగ్రత్త పడటం లాభం, తక్కువైతే సరుకు పంపడం లాభం.

అవకాశం నూటికి 40 వున్న పది సందర్భాలు తీసుకోండి. పదిసార్లూ జాగ్రత్తపడితే ఖర్చు 2 లక్షలు. పడకపోతే నాలుగుసార్లు దెబ్బతిని 4 లక్షలు పోతుంది. ఆ పదిలో ఆరుసార్లు 'అనవసరంగా ఖర్చు పెట్టాము' అనిపిస్తుంది. అయినా మొత్తం మీద 2 లక్షలు మిగిలినట్లే. అవకాశం నూటికి 10 అయితే లెక్క తిరగబడుతుంది. జాగ్రత్తకు 2 లక్షలు, నష్టానికి లక్ష. సూచన ఒకసారి తప్పిందని దానిని పక్కన పెట్టడం, ఒకసారి నిజమైందని ప్రతి హెచ్చరికకూ కొనుగోళ్లు పెంచడం, రెండూ ఈ లెక్క తెలియనివారు చేసే పనులే.

ఇంకొక మాట. గత 70 సంవత్సరాల లెక్కల మీద 2024లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం పశ్చిమ అలజడులు మే, జూన్, జూలై నెలల్లో కూడా పెరుగుతున్నవి. అంటే వాటి కాలం వెనక్కి సాగుతున్నది. మార్చితో ముప్పు తీరిందనుకొని లారీ ఒప్పందాలలో, రవాణా బీమాలో ఆలస్యం సంగతి వదిలివేయడం ఇకమీద మంచిది కాదు. ఆలస్యమైతే నష్టం తోట యజమానిదా, పంపిన ఏజెంటుదా, ఇక్కడి కమీషన్ వ్యాపారిదా అన్నది సరుకు ఎత్తేముందే కాగితం మీద వుండాలి. రాంబన్‌లో రాళ్లు దొర్లిన తరువాత దానిని తేల్చుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు.